పెళ్లి గుర్రాల తబేలాలో స్వారీ నేర్చుకోవాలంటే

గుర్రపు స్వారీ అనగానే హైదరాబాద్‌కో పుణెకో పోవాలనుకుంటారు మన నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి వైపు వాళ్లు. అక్కర్లేదు. బరాత్‌లకు గుర్రాలు పంపేవాళ్ల తబేలా ఏదైనా దగ్గర్లో ఉందేమో కనుక్కోండి, అక్కడే మొదలుపెట్టొచ్చు. కాకపోతే టైం చూసుకుని వెళ్లాలి. పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లకు మాట్లాడే తీరికుండదు, గుర్రాలు కూడా రాత్రంతా బ్యాండు మోతలో నిలబడి విసిగిపోయి ఉంటాయి. ఆషాఢ ఏకాదశి నుంచి తులసి పెళ్లి దాకా ముహూర్తాలుండవు, గిరాకీ ఉండదు కానీ దాణా ఖర్చు ఆగదు కదా, అప్పుడు నెలకింతని ఇస్తామంటే యజమాని మాట వింటాడు.

డబ్బు మాట్లాడే ముందు గుర్రాలను చూడండి. గిట్టలు పగిలి పెచ్చులూడుతున్నాయా, నోటి మూలల్లో కళ్లెం కోసిన పుండ్లున్నాయా, జీను ఒరుసుకుని వీపు మీద వెంట్రుకలు ఊడాయా, తొట్టిలో నీళ్లు పాచి పట్టాయా. వీటిలో రెండు కనిపిస్తే చాలు, నేనైతే వెనక్కి వచ్చేస్తాను. "చాచా, నాల్‌బంద్ మళ్లెప్పుడొస్తడు?" అని అడిగి చూడండి, నాల్‌బంద్ అంటే గిట్టలు చెక్కి నాడాలు కొట్టేవాడు. నాడాలున్నా లేకున్నా 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, తడుముకోకుండా జవాబు చెప్పేవాడైతే నమ్మొచ్చు.

మొదట్లో కొన్నాళ్లు ఎక్కకండి, కింద పని నేర్చుకోండి. గుర్రానికి కళ్లు తలకు పక్కన ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనకాల, నుదుటి ముందు మాత్రం కనిపించదు. అందుకే ఏదో ఒకటి మాట్లాడుతూ ఎడమ భుజం వైపు నుంచి వెళ్లాలి. చెవులు వెనక్కి అణిచిపెట్టిందంటే ఆగిపోండి. మార్వాడీ గుర్రాల చెవులు కొసలు కలిసేలా లోపలికి వంగి ఉంటాయి, అది జాతి లక్షణం, కోపం కాదు.

ముందు ఖరారాతో, అంటే పళ్లున్న గరుకు బ్రష్‌తో, గుండ్రంగా రుద్ది మట్టి లేపి, తర్వాత వెంట్రుకలు వాలిన వైపే బ్రష్ చేయాలి, ఈ పని చేస్తున్నప్పుడే వాపులూ గాయాలూ చేతికి తగులుతాయి. గిట్ట ఎత్తేటప్పుడు తోక వైపు తిరిగి నిలబడి, చేతిని భుజం నుంచి కాలి వెంబడి కిందకి జార్చండి, అలవాటున్న గుర్రం తనే కాలిస్తుంది. మడమ నుంచి ముందుకు గీకి మట్టి, రాళ్లు తీయాలి, మధ్యలో వి ఆకారంలో ఉండే మెత్తటి భాగాన్ని మాత్రం పొడవకూడదు. వానాకాలంలో అక్కడ నల్లటి రసి, కుళ్లు వాసన వస్తే తడి నేల మీద కట్టేస్తున్నారని అర్థం. కాళ్ల దగ్గర ఎప్పుడూ మోకాళ్ల మీద కూర్చోకండి, లేచి తప్పుకునే వీలుండదు.

ఎక్కే రోజు చెప్పులు వద్దు, చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోండి. పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే కాలి కడియంలోంచి, అవతలికి దూరిపోతే, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. హెల్మెట్ రైడింగ్‌ది తెప్పించుకోండి, బైక్‌ది కాదు. జీను కట్టేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి కాబట్టి నాలుగడుగులు నడిపించి తంగు, అంటే జీనును పొట్ట కింద కట్టే పట్టీ, మళ్లీ బిగించాలి. ఎడమ వైపు నుంచే ఎక్కండి. చెవి, భుజం, నడుము, మడమ ఒకే గీతలో ఉండాలి, మడమ కిందకి దిగాలి.

పెళ్లి గుర్రంతో ఒక చిక్కుంది. దాన్ని పక్కన నడిచే మనిషి తాడు పట్టి నడిపిస్తాడు, వరుడు ఊరికే కూర్చుంటాడు, కాబట్టి మీ కాలి ఒత్తిడీ మీ పగ్గాలూ దానికి అర్థం కాకపోవచ్చు. డోలుకు కాళ్లెత్తి ఆడేలా నేర్పిందైతే ఇంకా టెన్షన్. ఆడే గుర్రాన్ని ఇవ్వొద్దని ముందే చెప్పండి, మొదట పొడవాటి తాడు కట్టి గుండ్రంగా నడిపించమనండి. ఆగమని పగ్గం పట్టాక, ఆగగానే వదులు చేయాలి, లాగుతూనే ఉంటే నోరు మొద్దుబారిపోతుంది.

మేతలో గడ్డే ప్రధానం, దాణా తర్వాతే. 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల ఎండుమేత కావాలి, నీళ్లు 25 లీటర్లకు తక్కువ కాకుండా, ఎండాకాలం ఇంకా ఎక్కువ. శనగలు నానబెట్టే పెట్టాలి. బూజు పట్టిన చొప్ప, వానల్లేక వాడిన లేత పచ్చజొన్న అస్సలు వద్దు, ఆ జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది. దాణా తిన్న గంట వరకు స్వారీ చేయకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపునొప్పి ప్రాణం మీదకి తెస్తుంది. నేలను కాలితో తవ్వుతూ, పొట్ట వైపు తిరిగి చూస్తూ, పడి దొర్లుతూ ఉంటే మేత తీసేసి వెంటనే డాక్టర్‌ను పిలవండి. సీసాతో నూనెలు, కషాయాలు తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మీకు ధనుర్వాతం టీకా అయిందో లేదో కూడా చూసుకోండి.

ఇక కాస్త స్వారీ రాగానే లోహా దగ్గరి మాళేగావ్ ఖండోబా జాతరకి పోయి సొంత గుర్రం కొనాలనిపిస్తుంది. చూడ్డానికైతే తప్పకుండా పోండి, అన్ని గుర్రాలు ఒకచోట చూసే అవకాశం ఇటు వైపు మళ్లీ దొరకదు. కొనాలంటే మాత్రం గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు అడగండి. అది మనుషులకూ అంటుకునే రోగం, తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందేనని చట్టం. ఆ కాగితం చూడందే బయానా ఇవ్వొద్దు.