నైట్ డైవ్‌కి మెయిన్ లైటు కొంటున్నారా? ముందు మన నీళ్ళు చూసుకోండి

రాత్రి స్కూబాకి లైటు కొనేవాళ్ళు షాపులో మొదట అడిగేది ఎన్ని ల్యూమెన్లు, అంటే మొత్తం వెలుగు ఎంత అని. వైజాగ్‌లో దిగేవాళ్ళు అది రెండో ప్రశ్నగా అడగాలి. ముందు అడగాల్సింది, వెలుగు ఎంత సన్నగా వెళ్తుంది అని.

శీతాకాలంలో తెల్లవారుజామున అరకు బయల్దేరి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మంచు కమ్ముకుంటుంది కదా, అప్పుడు హై బీమ్ వేస్తే రోడ్డు కనబడదు సరికదా, ఎదురుగా తెల్లటి గోడ లేచి నిలబడుతుంది. రుషికొండ దగ్గరో మంగమారిపేట దగ్గరో రాత్రిపూట నీళ్ళలో వెడల్పు లైటు వేసినా జరిగేది అదే. మన తీరంలో నీళ్ళలో ఇసుక, ఒండ్రు, కంటికి ఆనని జీవాలు తేలుతూనే ఉంటాయి, సముద్రం కాస్త పోటు మీదుంటే చెప్పనక్కర్లేదు. ఒక్కో నలకా మీ వెలుగుని మీ కళ్ళలోకే తిప్పికొడుతుంది.

అందుకే మెయిన్ లైటుకి 6 నుంచి 10 డిగ్రీల బీమ్ (వెలుగు విచ్చుకునే కోణం) చూసుకోండి. లెక్క వేస్తే తేడా తెలుస్తుంది: 8 డిగ్రీల బీమ్ 3 మీటర్ల దూరంలో సుమారు 40 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది, అదే 120 డిగ్రీల వీడియో లైటు అయితే 10 మీటర్లు పరుచుకుంటుంది. ఉన్న వెలుగంతా అక్కడే పలచబడిపోతుంది, పైగా మధ్యలో ఉన్న నలకలన్నీ వెలుగుతాయి. వీడియో తీయాలంటే ఆ లైటు విడిగా కొనుక్కోండి, దాన్నే మెయిన్ లైటు అనుకోవద్దు. సన్న బీమ్‌కి ఇంకో ఉపయోగం సైగలు. అడుగున ఇసుక మీద మెల్లగా గుండ్రంగా తిప్పితే ‘ఓకే’, అటూ ఇటూ గబగబా ఊపితే ‘ఏదో తేడా జరిగింది, ఇటు చూడు’. వెడల్పు లైటుతో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పక్కనున్నవాడికి ఏమీ అర్థం కాదు.

కొన్నాక ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. గది చీకటి చేసి నాలుగు అగరుబత్తులు వెలిగించి, ఆ పొగలోంచి ఎదురు గోడ మీదకి లైటు వేయండి. పొగలో సన్నటి కడ్డీలా కనిపించి గోడ మీద గట్టి చుక్క పడితే మంచిదే. గదంతా తెల్లగా మారి గోడ మసకబారితే సముద్రంలో అంతకంటే ఘోరంగా ఉంటుంది, వాపస్ పంపేయండి.

ఇక ల్యూమెన్లు. 800 నుంచి 1000 చాలు, కాకపోతే తగ్గించుకునే మోడ్ తప్పనిసరి. రాయికి దగ్గరగా వెళ్ళినప్పుడు, గాలి, లోతు చూపించే గేజ్ చూసుకునేటప్పుడు ఫుల్ వెలుగు కళ్ళని కొడుతుంది. ఆన్‌లైన్‌లో రెండు వేలకే పది వేల ల్యూమెన్లు అంటూ వచ్చేవాటి సంగతి కాగితం మీదే తేల్చేయొచ్చు. ఈ లైట్లలో వేసే 18650 సైజు రీఛార్జబుల్ సెల్ మంచిదైతే మామూలుగా 3500 ఎంఏహెచ్ దాకా ఉంటుంది, అంటే దాదాపు 12.6 వాట్ అవర్లు. 1000 ల్యూమెన్లకి ఇంచుమించు 10 వాట్లు పడుతుంది కాబట్టి ఆ సెల్‌తో గంటా పది నిమిషాలు వస్తే గొప్ప. అదే సైజు సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది పచ్చి అబద్ధం. మీ డైవ్ 45 నిమిషాలనుకుంటే ఫుల్ వెలుగులో కనీసం 90 నిమిషాలు రావాలి, అందుకని రెండు సెల్‌లదో, పెద్దదైన 21700 సెల్‌దో తీసుకోండి. విమానంలో విడి సెల్‌లు చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే, అదీ కవర్లో వేసి పెట్టుకోండి.

పెట్టె మీద నీళ్ళని తట్టుకుంటుందనే ఐపీఎక్స్8 రేటింగ్ ఉంటే సరిపోదు, అది ఫోన్లకీ ఉంటుంది. ఎన్ని మీటర్ల లోతుకో అంకెల్లో రాసి ఉండాలి, డైవ్ లైట్లకి 100 మీటర్లు మామూలే. స్విచ్ అయస్కాంతంతో జరిగేదైతే మేలు, ఎందుకంటే బాడీకి రంధ్రం ఉండదు. నొక్కే బటన్‌దైతే లాక్ ఉందో లేదో చూడండి, బ్యాగులో దానంతట అదే వెలిగితే చల్లార్చడానికి నీళ్ళుండవు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

నా మొదటి లైటు అక్షరాలా నీళ్ళపాలైంది. రుషికొండ ఇసుక మీదే కూర్చుని సెల్ మార్చాను, మూత దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉండిపోయింది, పది మీటర్లు కూడా దిగకముందే అద్దం లోపల నీళ్ళు ఊగుతున్నాయి. అప్పట్నుంచి సెల్ ఇంట్లోనే మారుస్తాను, రింగ్ తీసి తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, మూత పెట్టాక ఇక తెరవను. రెండు ఓ-రింగ్‌లు ఉన్న మోడల్ దొరికితే రెండు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

బ్యాకప్ లైటు లేకుండా దిగొద్దు. అది చిన్నదైనా పర్లేదు, చూడకుండానే చెయ్యి అందుకునే చోట క్లిప్ చేసి ఉండాలి. మెయిన్ లైటు ఆరిపోతే బ్యాకప్ వేసుకుని, జతగాడికి చూపించి, ఇద్దరూ పైకి వచ్చేయడమే, ‘ఇంకాసేపు చూద్దాం’ అనేది లేదు. మన దగ్గర తెగిపోయిన వలలు అడుగున రాళ్ళకి చుట్టుకుని ఉంటాయి, చీకట్లో వాటిలో ఇరుక్కుంటే ఇంక టెన్షన్ మామూలుగా ఉండదు. అందుకే బీమ్‌ని ముందు దారి మీద, తర్వాతే చేపల మీద వేయడం అలవాటు చేసుకోండి.

ఇంకో మాట, ఇది తూర్పు నౌకాదళం ఊరు. రాత్రి సముద్రంలో లైట్లేసుకుని సొంతంగా దిగే సాహసం చేయకండి, అనుమతులు చూసుకునే డైవ్ సెంటర్‌తో, నైట్ డైవ్ ట్రైనింగ్ అయ్యాకే వెళ్ళండి. ఒడ్డుకొచ్చాక లైటుని మూత తీయకుండా మంచినీళ్ళ బకెట్‌లో అరగంట నానబెట్టి, ఆరాక సెల్ తీసి విడిగా పెట్టండి.