12 ఎంఎం కమ్మికి టెన్సైల్ టెస్ట్: తూకం నుంచి విరిగిన ముఖం దాకా

కమ్మిని మిషన్లో పెట్టి లాగి విరగ్గొట్టడం పది నిమిషాల పని. అందులో మిషను చెప్పేది ఒక్కటే: ఎంత లోడు పడిందో. ఆ లోడును బలంగా మార్చేది మనం భాగించే వైశాల్యం. సాగుదల శాతం తేల్చేది మనం గీసిన గీతలు. మంచి కమ్మి ఫెయిలైనా, నాసి కమ్మి పాసైనా ముందు అనుమానించాల్సింది ఈ రెంటినీ. అందుకే ఇక్కడ తూకానికీ గీతలకూ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఉదాహరణకు ఇళ్లకూ అపార్టుమెంట్లకూ మామూలుగా వాడే 12 ఎంఎం ఎఫ్‌ఈ 500డి గ్రేడు టీఎంటీ (వేడిగా రోలింగు చేసి నీళ్లతో చల్లార్చిన) కమ్మిని తీసుకుందాం. కమ్మికి వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 1786, లాగే పద్ధతికి ఐఎస్ 1608.

ముక్క ఎక్కడ కోయాలి

లారీలో పట్టడం కోసం 12 మీటర్ల కమ్మిని మధ్యకు మడిచి తెస్తారు. ఆ మడత దగ్గర ముక్క కోయకండి. వంగిన కమ్మిని సుత్తితో సాపు చేసి మిషన్లో పెడితే, స్పష్టంగా కనిపించాల్సిన యీల్డ్ పాయింటు (కమ్మి శాశ్వతంగా సాగడం మొదలయ్యే చోటు) మాయమవుతుంది. గ్రాఫు మొదటి నుంచే వంపు తిరుగుతుంది, యీల్డ్ విలువ తక్కువగా రావచ్చు. కొసల్లో నలిగిన భాగం వదిలేసి, తిన్నగా ఉన్న చోట 600 మి.మీ. ముక్కలు మూడు తీసుకోండి. రెండింటిని పరీక్షించి, మూడోది దాచుకోండి.

హాక్సా గానీ, నీళ్లు పోస్తూ తిరిగే కటింగ్ వీలు గానీ వాడండి. గ్యాసు కటింగు వద్దు. టీఎంటీ కమ్మి బలంలో పెద్ద వాటా పైపొరది. రోలింగు మిల్లులో నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చినప్పుడు అంచు చుట్టూ గట్టి ఉంగరంలా ఏర్పడిన పొర అది, లోపలి గుజ్జు మెత్తన. వేడి తగిలితే ఆ పొర మెత్తబడుతుంది. ఈ కారణంగానే టీఎంటీ ముక్కను లేతు మీద సన్నగా చెక్కి పరీక్షించకూడదు. కాలేజీ లాబులో మైల్డ్ స్టీలు రాడ్డును చెక్కినట్టు దీన్నీ చెక్కితే, బలమంతా ఉన్న పొర తవుడై కింద పడుతుంది, మిగిలిన గుజ్జుకు వచ్చిన అంకెను కమ్మికి అంటగడతాం.

కోసేముందు కమ్మి మీద రోలింగులోనే పడిన అక్షరాలు చదవండి. బ్రాండు, గ్రేడు అక్కడ ఉంటాయి. బిల్లులో 500డి అని ఉండి కమ్మి మీద ఉత్త 500 ఉంటే, ఏ గ్రేడు లెక్కన తీర్పు చెప్పాలో పరీక్షకు ముందే తేల్చుకోండి.

తూకం, కొలత

గాడులూ పక్కటెముకలూ ఉన్న కమ్మికి వెర్నియర్ పెట్టి వ్యాసం కొలిచి లాభం లేదు. ఎముక మీద పెడితే ఒకటి, గాడిలో పెడితే ఒకటి వస్తుంది. బరువును బట్టి వైశాల్యం కట్టాలని ప్రమాణమే చెబుతుంది. అందుకు ముక్క కనీసం అర మీటరు ఉండాలి. సూత్రం ఇది:

వైశాల్యం (చ.మి.మీ.) = బరువు (కిలోలు) ÷ (0.00785 × పొడవు మీటర్లలో)

మన ముక్క పొడవు 0.600 మీటర్లు, బరువు 0.520 కిలోలు అనుకుందాం. 0.520 ÷ 0.00471 = 110.4 చ.మి.మీ. పుస్తకంలో 12 ఎంఎంకు ఉండేది 113.1. మీటరు బరువు 0.867 కిలోలు, ఉండాల్సింది 0.888. అంటే 2.4 శాతం తక్కువ. 12 ఎంఎంకు విడి నమూనాలో 6 శాతం దాకా తరుగు ఒప్పుకుంటారు, కాబట్టి ఇబ్బంది లేదు. 10 ఎంఎం వరకు ఆ హద్దు 8 శాతం, 16 ఎంఎం దాటితే 4 శాతం.

తప్పులు రెండు వైపులా జరుగుతాయి. కృష్ణపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం తీరాన ఉప్పుగాలికి ఆరుబయట పడున్న కమ్మి నెలల్లోనే తుప్పు పొర కడుతుంది. ఆ పొర తూకంలో బరువు తూగుతుంది గానీ లోడు మొయ్యదు. 520 గ్రాముల ముక్క మీద 6 గ్రాముల తుప్పు ఉంటే వైశాల్యం ఒక శాతం పైన పెరిగి, నిజానికి యీల్డ్ 503 మెగాపాస్కల్ (చ.మి.మీ.కు అన్ని న్యూటన్లు) ఉన్న కమ్మి 497గా తేలి, కనీసం కావాల్సిన 500 అందక ఫెయిలవుతుంది. వైరు బ్రష్షుతో గట్టిగా రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడు తూచండి. రుద్దాక గుంటలు బయటపడితే ఆ సంగతి రిపోర్టులో రాయాల్సిందే. తూకం ఇచ్చే వైశాల్యం ముక్క మొత్తానికి సగటు, విరిగేదేమో గుంట దగ్గర. అలాంటి ముక్కలో బలం కన్నా సాగుదల ముందు పడిపోతుంది.

రెండో తప్పు దీనికి వ్యతిరేకం. ఏటవాలుగా కోసిన ముక్కను పొడుగు అంచు వెంట కొలిచి 604 అని రాస్తే వైశాల్యం 0.7 శాతం తగ్గి, బలం అంతమేర ఎక్కువ చూపిస్తుంది. కొసలు చదరంగా రుద్ది, స్టీలు స్కేలుతో అర మి.మీ. వరకు కొలవండి. కాటా 1 గ్రాము చూపేది చాలు, కాకపోతే పైన ఫ్యాను ఆపాలి.

గీతలు

గేజ్ పొడవు, అంటే సాగుదల లెక్కకు తీసుకునే మొదటి పొడవు, 5.65 × √వైశాల్యం. మనకు 59.4 వస్తుంది. దగ్గర్లోని 5 గుణిజానికి సర్దితే 60 మి.మీ., అంటే వ్యాసానికి ఐదు రెట్లు. మధ్యలో రెండే గీతలు గీసి వదిలేస్తే కమ్మి వాటి బయట విరిగి శ్రమంతా వృథా కావచ్చు. కమ్మిని పట్టుకునే మిషను దవడల (జాల) మధ్య కనిపించే పొడవంతా 10 మి.మీ.కు ఒకటి చొప్పున గీయండి. ఎక్కడ విరిగినా, విరుగు మధ్యలో పడేలా ఆరు గడులు ఎంచుకోవచ్చు.

కమ్మి పొడవునా పోయే నిలువు ఎముక మీద తెల్ల పెయింటు పూసి, ఆరాక సన్నగా గీరండి. సెంటరు పంచి లోతుగా కొట్టొద్దు. గట్టి కమ్మికి ఆ గుంతే గాటై అక్కడే తెగవచ్చు.

మిషను సిద్ధం చేయడం

ముందు ఎంత లోడు పడుతుందో అంచనా వేయండి. 113 చ.మి.మీ. కమ్మి 650 మెగాపాస్కల్ దాకా పోయినా 73 కిలోన్యూటన్లే. రేంజి మార్చుకునే పాత యూటీఎం (లాగే మిషను) అయితే 100 కిలోన్యూటన్ల రేంజిలో పెట్టండి. 400 రేంజిలో పెడితే సూది డయలులో ఐదోవంతు కూడా కదలదు. కాలిబ్రేషను సర్టిఫికెట్టు ఏడాది దాటి ఉండకూడదు, దోషం 1 శాతం లోపు ఉండాలి.

జాలు కమ్మి సైజుకు తగ్గ జతవేనా, పళ్లలో పాత రజను ఇరుక్కుందా చూసుకోండి. ఇరుక్కుంటే కమ్మి జారుతుంది, గ్రాఫులో మెట్లు పడతాయి. జాను దాని పొడవులో కనీసం మూడింట రెండు వంతులు కమ్మి నింపాలి. కొసన కొద్దిగా పట్టిస్తే అక్కడ నలిగి జాలోనే తెగుతుంది. పై జా, కింది జా ఒకే వరసలో ఉండాలి. ముక్క పక్కకు లాగినట్టుంటే తీసి మళ్లీ పెట్టండి. పై జా బిగించాక లోడును సున్నాకు తెచ్చి, ఆ తర్వాతే కింది జా బిగించండి.

గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో ఇది కుదిరే మాట కాదు. అంత వేడికి ఉక్కు బలం పెద్దగా మారదు, అయినా హద్దు దాటితే పరీక్ష నియమం తప్పినట్టే. హైడ్రాలిక్ మిషన్లో ఆయిలు పలచబడి లోడింగు వేగం చేతికి లొంగదు కూడా. ఏసీ లేకపోతే పొద్దున్నే పెట్టుకుని, ఉష్ణోగ్రత రాసి పెట్టండి.

విరిగేటప్పుడు కమ్మి ఎగిరి పడుతుంది. జాలీ తలుపు మూసి, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కకు నిలబడండి. జా బిగిసేటప్పుడు చెయ్యి లోపల ఉండకూడదు.

లాగడం, యీల్డ్ పట్టుకోవడం

యీల్డ్ దాకా వేగం సెకనుకు 6 నుంచి 60 మెగాపాస్కల్ మధ్య ఉండాలి. మన ముక్కకు సెకనుకు 1.1 కిలోన్యూటన్ పెడితే 10 మెగాపాస్కల్ అవుతుంది, యీల్డ్‌కు చేరడానికి దాదాపు 55 సెకన్లు పడుతుంది. తొందరపడి వాల్వు మొత్తం తిప్పేస్తే యీల్డ్ నిజం కన్నా ఎక్కువ వస్తుంది, పైగా సూది ఆగిన క్షణం కంటికి దొరకదు.

టీఎంటీలో మామూలుగా యీల్డ్ స్పష్టంగా తెలుస్తుంది. లోడు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట తడబడి ఆగుతుంది, లేదా కాస్త వెనక్కి వస్తుంది. పెయింటు గీతల మధ్య పెచ్చులు లేవడం కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ లోడు రాసుకోండి. మన లెక్కలో 59.6 కిలోన్యూటన్లు.

అలా ఆగకపోతే 0.2 శాతం ప్రూఫ్ స్ట్రెస్ (0.2 శాతం శాశ్వత సాగుదల మిగిల్చే బలం) తీయాలి, దానికి కమ్మికే తగిలించి సాగుదల కొలిచే ఎక్స్‌టెన్సోమీటరు తప్పదు. 50 మి.మీ. ఎక్స్‌టెన్సోమీటరులో 0.2 శాతం అంటే 0.1 మి.మీ. మిషను తల కదిలిన దూరంతో ఈ లెక్క కట్టే రిపోర్టులు కనిపిస్తుంటాయి, వాటిని నమ్మొద్దు. ఆ దూరంలో జాలు కూరుకోవడం, మిషను సొంత సాగుదల అన్నీ కలిసి ఉంటాయి. పట్టేయడానికి సులువైన గుర్తు ఉంది: గ్రాఫు మొదటి నిటారు భాగం వాలు ఉక్కుకు 200 గిగాపాస్కల్ దగ్గర రావాలి. 30, 40 అని వస్తే అది తల కదలిక గ్రాఫు.

యీల్డ్ దాటాక ఎక్స్‌టెన్సోమీటరు విరుగును తట్టుకునేది కాకపోతే తీసేయండి. అక్కడి నుంచి తల వేగం నిమిషానికి 20, 30 మి.మీ. ఉంచి విరిగేదాకా లాగండి. గరిష్ఠ లోడు 68.5 కిలోన్యూటన్లు వచ్చిందనుకుందాం. ఆ తర్వాత ఒకచోట నడుము సన్నబడి, లోడు తగ్గుతూ పోయి, తుపాకీ పేలినట్టు చప్పుడుతో తెగుతుంది.

విరిగాక

రెండు ముక్కలనూ ఒకే వరసలో, సందు లేకుండా ఆనించి పట్టుకోండి. విరుగును మధ్యలో పెట్టి, మొదట 60 మి.మీ. ఉన్న ఆరు గడులు ఇప్పుడు ఎంతయ్యాయో కొలవండి. 71.4 వస్తే సాగుదల 11.4 ÷ 60, అంటే 19 శాతం. ముక్కల మధ్య వెంట్రుకవాసి సందున్నా శాతం పెరిగిపోతుంది. అర మి.మీ. సందు అంటే దాదాపు ఒక శాతం అబద్ధం.

500డి లాంటి డి గ్రేడులకు ఇంకొకటి కావాలి, గరిష్ఠ లోడు దగ్గరి సమ సాగుదల, అంటే నడుము సన్నబడకముందు పొడవంతా ఒకేలా వచ్చే సాగుదల. ఎక్స్‌టెన్సోమీటరు లేకపోయినా గీతలతో తీయొచ్చు. విరుగుకు కనీసం 50 మి.మీ., జాకు కనీసం 20 మి.మీ. దూరంగా, మొదట 100 మి.మీ. ఉన్న పది గడులు ఎంచుకుని కొలవండి. 109.2 వస్తే 9.2 శాతం. దానికి గరిష్ఠ బలాన్ని 2000తో భాగించి కలపండి: 620 ÷ 2000 = 0.3. మొత్తం 9.5 శాతం.

విరిగిన ముఖం కూడా చూడండి. అంచులు ఏటవాలుగా, మధ్యలో గిన్నెలా, బూడిద రంగులో ఉంటే కమ్మి బాగా సాగి తెగినట్టు. నడుము సన్నబడకుండా బల్లపరుపుగా, మెరుస్తూ తెగితే సాగకుండా పెళుసుగా తెగినట్టు, సాగుదల అంకె కూడా అదే చెబుతుంది.

లెక్క, తీర్పు

యీల్డ్: 59,600 ÷ 110.4 = 540 మెగాపాస్కల్. 500డికి కనీసం 500.
గరిష్ఠ బలం: 68,500 ÷ 110.4 = 620. కనీసం 565.
నిష్పత్తి: 620 ÷ 540 = 1.15. కనీసం 1.10.
సాగుదల: 19 శాతం. కనీసం 16.
సమ సాగుదల: 9.5 శాతం. కనీసం 5.

పాత అలవాటుగా 113.1తో భాగించి ఉంటే యీల్డ్ 527 వచ్చేది. ఇక్కడ తీర్పు మారలేదు గానీ, అంచున ఉన్న కమ్మికి మారుతుంది. టన్నుల్లో చూపే పాత డయలు అయితే కిలో బలాన్ని 9.81తో గుణించి న్యూటన్లు చేయడం మరవకండి.

సైట్ల మీద యీల్డ్ ఒక్కటే చూసి, అది 600 దాటితే సంబరపడతారు. యీల్డ్ 600, గరిష్ఠ బలం 640 ఉన్న కమ్మి నిష్పత్తి 1.07. అది 500డి కింద ఫెయిల్. యీల్డ్‌కూ తెగడానికీ మధ్య మిగులు తక్కువ కాబట్టి భూకంపానికి కమ్మి సాగి శక్తిని మింగే వీలు తగ్గుతుంది. ఉత్త ఎఫ్‌ఈ 500కు నిష్పత్తి 1.08, గరిష్ఠ బలం 545, సాగుదల 12 శాతం చాలు. అందుకే గ్రేడు ముందే తేల్చుకోమన్నది. దిగుమతి సర్టిఫికెట్లతో పోల్చేటప్పుడు గేజ్ పొడవు చూడండి. అమెరికా పద్ధతిలో దాదాపు 200 మి.మీ. మీద కొలుస్తారు. సన్నబడిన నడుము వాటా అందులో తక్కువ కాబట్టి అదే కమ్మికి శాతం తక్కువగా కనిపిస్తుంది.

జాలో గానీ జా పక్కనే గానీ తెగి, విలువలు తక్కువ వస్తే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, దాచిన ముక్కతో మళ్లీ చేయండి. విరుగు ఒక కొసకు దగ్గరగా పడినా సాగుదల కనీస విలువ దాటితే పాసే. అన్నీ సరిగ్గా జరిగి ఒక ముక్క ఫెయిలైతే అదే లాటు నుంచి ఇంకో రెండు తీసి పరీక్షించాలి. రెండూ నెగ్గితేనే లాటు నెగ్గినట్టు.

షెడ్లకు వాడే ప్లేటు, యాంగిలు అయితే పని వేరు. 8 మి.మీ. ప్లేటు నుంచి 20 మి.మీ. వెడల్పు పట్టీ మిల్లింగు చేయించండి. వైశాల్యం 160, గేజ్ 70 మి.మీ., సమాన వెడల్పు భాగం కనీసం 90 మి.మీ. వీటికి చదును జాలు వాడాలి. ప్లేట్లు, యాంగిళ్ల ప్రమాణం ఐఎస్ 2062లోని ఈ250 గ్రేడుకు ఈ మందంలో యీల్డ్ 250, గరిష్ఠం 410, సాగుదల 23 శాతం కావాలి.

రిపోర్టులో బరువు, పొడవు, కట్టిన వైశాల్యం, గేజ్ పొడవు, ఉష్ణోగ్రత, విరుగు ఎక్కడ పడిందీ రాయండి. విరిగిన రెండు ముక్కలకూ నూనె రాసి, లాటు నంబరు చీటీ కట్టి, బిల్లు సెటిలయ్యేదాకా గోతంలో భద్రం చేయండి. ఎవరైనా అంకెను ఒప్పుకోకపోతే ఆ ముక్కల మీదే మళ్లీ కొలవొచ్చు.