సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ కోర్సు కడదాం - 4వ పాఠం: ఆ ‘లేకపోవడం’ సంగతి

కాలేజీలో సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ (సమాజంలోని సమస్యలను వ్యాపార పద్ధతిలో పరిష్కరించడం) కోర్సు పెట్టాలనుకునే అధ్యాపకుల కోసం ఈ పాఠాలు. ఈసారి మార్కులు ఎలా వేయాలో చెప్తానన్నాను. చెప్తాను, చివర్లో. ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి.

మీ విద్యార్థులు ఏ సమస్య మీద పనిచేస్తారో నాలుగు వాక్యాల్లో రాయించి పంపమన్నాను. వచ్చినవన్నీ చదివాను. ‘వృద్ధులకు మందులు గుర్తుచేసే యాప్ లేకపోవడం’, ‘మహిళల ఉత్పత్తులకు ఆన్‌లైన్ మార్కెట్ లేకపోవడం’, ‘యువతకు సరైన శిక్షణ కేంద్రం లేకపోవడం’. ఒకరైతే ‘అవగాహన లేకపోవడం’ అని రాసి ఊరుకున్నారు. ఎవరికో, దేని మీదో తెలీదు. ఉదాహరణ ఇవ్వకుండా అభ్యాసం ఇచ్చాను కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది.

‘లేకపోవడం’ అని రాసిన వాళ్లు నిజానికి పరిష్కారాన్నే తిరగేసి రాశారు. యాప్ లేదన్నాక జవాబు యాపే కదా! ఇక విద్యార్థి ఎవరినీ కలవక్కర్లేదు. సెమిస్టరంతా స్క్రీన్ రంగులు మారుస్తూ కూర్చుంటాడు.

పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంక్ పెట్టిన మహమ్మద్ యూనుస్ కథ అందరూ చెప్తారు, కానీ అసలు ముక్క వదిలేసి చెప్తారు. ఆయన అప్పట్లో బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1976లో క్యాంపస్ పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో వెదురు పీటలు అల్లే ఒక మహిళను కలిశారు. ‘ఆమెకు అప్పు దొరకడం లేదు’ అని రాస్తే మన పాఠంలో సున్నా. అప్పు దొరుకుతూనే ఉంది. వెదురు కొనడానికి డబ్బిచ్చే వ్యాపారే పీటలు తనకే, తాను చెప్పిన ధరకే అమ్మాలన్నాడు. రోజంతా అల్లితే ఆమెకు మిగిలేది సుమారు 2 అమెరికన్ సెంట్లు. చిక్కంతా ఆ షరతులో ఉంది. ఊళ్లో ఇలా ఇరుక్కున్న 42 మందికి కలిపి కావలసింది 27 డాలర్లని తేలింది. గ్రామీణ్ బ్యాంక్ 1983లో వచ్చింది. ముందు పీట దగ్గర కూర్చోవడం జరిగింది.

ఇంకొకటి. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో అతి తక్కువ ఖర్చుతో వస్తువులు రూపొందించే కోర్సు ఉంది. అందులో ఒక బృందానికి చౌక ఇంక్యుబేటర్ (నెలలు నిండని బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె) చేసే పని అప్పగించారు. నేపాల్ వెళ్లి చూస్తే ఆసుపత్రిలో విరాళంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెలలు నిండని పిల్లలేమో దూరపు పల్లెల్లో, ఇళ్లలో పుడుతున్నారు. దాంతో వాళ్లు కరెంటు తీగ లేకుండా బిడ్డ ఒళ్లు గంటల తరబడి వెచ్చగా ఉంచే సంచి వైపు మళ్లారు. ఆ సంచి పేరే ఎంబ్రేస్.

పిల్లలు తిరిగే రంగులరాట్నంతో నీళ్లు తోడే ప్లేపంప్ సంగతి వెతికి చదువుకోండి. పిల్లలు ఆడనప్పుడు దాన్ని ఆడవాళ్లు చేత్తో తిప్పాల్సి వచ్చింది. అంతకంటే చెప్పను.

మందుల యాప్ వాక్యాన్ని నేనైతే ఇలా తిరగరాస్తాను: ‘చూపు మందగించిన పెద్దావిడ దగ్గర మూడు రకాల తెల్ల బిళ్లలున్నాయి. అట్ట మీద అక్షరాలు కనబడవు. పొద్దున వేసుకున్నది ఏదో అనుమానం వస్తే, రెండోసారి పడుతుందేమోనన్న భయంతో ఆ రోజుకు మొత్తం మానేస్తుంది.’ ఇప్పుడు చెప్పండి, ఈవిడకు కావలసింది యాపా, అట్ట మీద మార్కర్‌తో పెద్ద గీతా?

నా షార్ట్‌కట్ ఇది. వాక్యంలో ఒక మనిషి, ఆ మనిషి చేసే ఒక పని, అందులో పోతున్న డబ్బో సమయమో ఆరోగ్యమో ఉండాలి. ‘లేకపోవడం’, ‘అవగాహన’, ‘సరైన’ కనిపిస్తే కొట్టేస్తాను. ‘సరైన’ మీద నా కోపం చాదస్తమే అనుకోండి.

ఇక మార్కులు. కోర్సు అనుమతులు, క్రెడిట్లు మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నేను కోర్సు మొదలుపెట్టిన ఏడాది చివరి ప్రెజెంటేషన్‌కు 60 మార్కులు పెట్టాను. ఒక బృందం రెండు నెలలు తిరిగి, ‘మేం అనుకున్న సమస్య అక్కడ లేదు సార్’ అని నిజం చెప్పింది. అందరికంటే తక్కువ మార్కులు వాళ్లకే వచ్చాయి. మంచి స్లైడ్లు చేసినవాళ్లు ఫస్టు. ఆ రిజల్టు మీద సంతకం పెట్టింది నేనే.

ఇప్పుడు విద్యార్థి జనాన్ని కలిసి చూసింది, విన్నది రాసుకునే ఫీల్డ్ నోట్‌బుక్‌కు 40. మొదటి సమస్య వాక్యం, చివరి వాక్యం పక్కపక్కన పెట్టి, ఎందుకు మారిందో రాస్తే 25. విద్యార్థులు ఏ బయటి సంస్థతో కలిసి పనిచేశారో, ఆ భాగస్వామి సంస్థ అభిప్రాయానికి 20. ప్రెజెంటేషన్‌కు 15, అదీ మొహమాటానికి. బయటివాళ్లు మార్కులు వేయడానికి పరీక్షల విభాగం ఒప్పుకోకపోతే, వాళ్ల మాట రాతపూర్వకంగా తీసుకుని అంకె మీరు వేయండి. నగదు బహుమతుల పోటీలు మొదటి ఏడాది వద్దు.

అభ్యాసం. ఇది విద్యార్థులకు కాదు, మీకే. మీరు పంపిన సమస్యతో ఇబ్బంది పడుతున్న ముగ్గురిని కలవండి. ఒక్కొక్కరితో గంట. పరిష్కారం గురించి మీ నోటి నుంచి ఒక్క ముక్క రాకూడదు. ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో, దానికి ఎంత డబ్బు, ఎంత సమయం పోతోందో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత నాలుగు వాక్యాలు మళ్లీ రాసి ఆ ముగ్గురికే చదివి వినిపించండి. ఒక్కరు ‘అది కాదండీ’ అన్నా మళ్లీ రాయాలి. పంపేటప్పుడు కొట్టేసిన వాక్యాలు కూడా పంపండి, నేను ముందు చూసేది వాటినే. రెండు వారాల గడువు. సెమిస్టర్ అయిపోయాక విద్యార్థులు పనిచేసిన ఊరివాళ్లకు ఎవరు జవాబుదారీ అన్నది 5వ పాఠం.