వానలు ముదరక ముందే సైకిల్ అల్యూమినియం ఫ్రేము ఒకసారి తుడిచి చూసుకోండి

అక్టోబర్ వచ్చేసింది, ఇంక డిసెంబర్ దాకా మన తిరుపతిలో తుఫాను ఎప్పుడు కొడతాదో చెప్పలేం. 2021 నవంబర్‌లో రోడ్లు ఏమైనాయో చూసినాం కదా. నీళ్ళు నిలిచిన చోట గుంత ఎంత లోతుండాదో అగుపడదు, దాంట్లో ముందు చక్రం దబీమని పడితే ఆ దెబ్బ పోయి తగిలేది హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే జాయింటుకే. ఆదివారం తెల్లారుజామున చంద్రగిరి దాటి భాకరాపేట ఘాటు దాకా పోయేవాళ్ళైతే మరీ చూసుకోవాల.

చాలామంది ఏమనుకుంటారంటే ఫ్రేము బిర్రుగా ఉండాది, వంగదు, కాబట్టి చానా ఏళ్ళు వస్తాదని. రెండిటికీ సంబంధం లేదు. అల్యూమినియం బిరుసు స్టీలులో మూడో వంతే, బరువూ సుమారు అంతే, అందుకే గొట్టాలు లావుగా చేస్తారు, తొక్కేటప్పుడు బిర్రుగా అనిపించేది ఆ లావు వల్లే. మన్నిక వేరే కథ. స్టీలుకి ఒక హద్దుంటాది, ఆ లోపల ఎన్ని లక్షల కుదుపులైనా ఓర్చుకుంటాది, అల్యూమినియంకి ఆ హద్దు లేదు, ప్రతి కుదుపూ రోంత రోంత ఖాతాలో పడతానే ఉంటాది. భయపడే పనేం లేదులే, ఆ లెక్క వేసుకునే మందం పెడతారు, కానీ పాత ఫ్రేమైతే చూడకుండా ఎక్కొద్దు.

బురద కడిగి, ఆరబెట్టి, టార్చి పట్టుకుని వెల్డింగ్ అంచుల్లో చూడండి. హ్యాండిల్ కింద జాయింటు, పెడల్ ఇరుసు చుట్టూ, వెనక చక్రానికి పోయే సన్న గొట్టాలు, సీటు గొట్టం పైన, రాడ్డు బిగించేదానికి వదిలిన చీలిక ఉన్న చోట. వెంట్రుకంత గీత కనిపిస్తే పెయింటు కొంచెం గీకండి, కింద లోహంలో కూడా గీత ఉంటే ఆ ఫ్రేము పని అయిపోయినట్టే, ఇంక ఎక్కొద్దు. సొట్ట పడితే సుత్తితో తీయించొద్దు, వంగితే సాగదీయించొద్దు.

వెల్డింగ్ షాపుకి మాత్రం పోవద్దు సామీ. నేను పోయి అతికించినాను, నెల తిరక్కుండా అతుకు పక్కనే మళ్ళీ విచ్చింది. అతికినాయన తప్పు కాదు, 6061 రకం అల్యూమినియంకి వెల్డింగ్ వేడి తగిలిన చోట బలం పోతాది, ఫ్యాక్టరీలో అయితే తర్వాత మళ్ళీ కొలిమిలో పెట్టి ఆ బలం తెప్పిస్తారు, మన వీధిలో అదెక్కడ కుదురుతాది.

తడిసి వచ్చినప్పుడు సీటు రాడ్డు బయటికి లాగి, సైకిల్ తలకిందులు చేసి నీళ్ళు వంచేయండి, రాడ్డుకి గ్రీజు పూసి దాని మీద కనీసం ఎంత దించాలో చెప్పే గీత మునిగేదాకా దించండి. నేను రెండు వానాకాలాలు బద్ధకించినాను, రాడ్డు లోపలే పట్టేసింది, ఇద్దరం పట్టుకుని తిప్పినా కదల్లేదు.