అమెరికా దక్షిణాది కౌంటీలో నల్లజాతి వాళ్ల చరిత్ర వెతకడం ఎలా

దక్షిణాదిలో చాలా చిన్న ఊళ్లలో కోర్టు ముందు కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది పక్షం) సైనికుడి విగ్రహం ఉంటుంది, ఏదో పాత బంగళా ముందు ఫలకం ఉంటుంది. ఊళ్లో సగం మంది నల్లజాతి వాళ్లే అయినా వాళ్ల గురించి చెప్పే బోర్డు ఒక్కటీ కనపడదు. అలాగని చరిత్ర లేక కాదు, అది వేరే చోట్ల ఉంది. ఏ వరసలో వెతికితే దొరుకుతుందో చెప్తాను.

అందరూ చేసే పని ఇంటర్నెట్‌లో ఒక ఇంటిపేరు కొట్టి చూడటం. నేనైతే పేరుతో కాదు, చోటుతో మొదలుపెట్టమంటాను, అది కూడా చర్చితో. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం నుంచి విడుదలైన జనం తమకంటూ ముందుగా కట్టుకున్న వాటిలో చర్చి ఒకటి, చాలా చోట్ల బడి కూడా అందులోనే నడిచింది. గోడ మూలన ఉండే రాయి మీద తరచుగా స్థాపించిన సంవత్సరం, పాస్టర్ పేరు, ట్రస్టీల పేర్లు చెక్కి ఉంటాయి. ఫొటో తీసుకుని నేరుగా కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్ట్‌హౌస్‌కి వెళ్లి, భూమి కొన్నవాళ్ల ఇండెక్స్‌లో ఆ ట్రస్టీల పేర్లు వెతకండి. డీడ్ (అమ్మకం దస్తావేజు) దొరికితే భూమి ఎవరు అమ్మారో తెలుస్తుంది. అమ్మింది వాళ్లను బానిసలుగా ఉంచుకున్న పాత యజమాని కుటుంబమే అయితే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే ఆ పేరు ముందు ముందు చాలా అవసరం పడుతుంది.

తర్వాత జనాభా లెక్కలు. 72 ఏళ్లు దాటితేగానీ పేర్లతో సహా బయటపెట్టరు కాబట్టి, ప్రస్తుతం అందుబాటులో ఉన్నవాటిలో కొత్తది 1950ది. అక్కడినుంచి పదేళ్లకొకటి చొప్పున వెనక్కి వెళ్లండి. 1890 లెక్కలు 1921లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు పూర్తిగా పోయాయి, కాబట్టి 1900 నుంచి ఒకేసారి 1880కి దూకాలి. బానిసత్వంలో ఉన్న జనం దాదాపు అందరూ మొదటిసారి పేర్లతో కనిపించేది 1870లో. అంతకుముందు 1850, 1860ల్లో యజమాని పేరు కింద వాళ్ల వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు, పేరు లేదు. ఈ గోడ దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఇది దాటడానికి దారులున్నాయి, ఓపిక కావాలి అంతే. 1870 లెక్కల్లో మీ కుటుంబానికి అటూ ఇటూ నాలుగైదు పేజీలు తిప్పి, ఆస్తి విలువ ఎక్కువగా రాసి ఉన్న తెల్లవాళ్లు ఎవరో చూడండి. వాళ్ల తాతతండ్రుల విల్లులు, చనిపోయాక కోర్టు రాయించిన ఆస్తి జాబితాలు తీయించండి. గుర్రాలు, పరుపుల మధ్య మనుషుల పేర్లు, పక్కన డాలర్లలో ధరలు ఉంటాయి. చదవడం కష్టంగా ఉంటుంది, కానీ ఆ పేర్లు మరెక్కడా ఉండకపోవచ్చు. ఇంటిపేరు ఒకటే కదా అని చివరి యజమాని అతనే అనుకోకండి, చాలామంది అంతకుముందు యజమాని పేరో, తమకు నచ్చిన పేరో పెట్టుకున్నారు.

విడుదలైన వాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాల్లో కూలి ఒప్పందాలు, పెళ్లి నమోదులు, ఫిర్యాదులు ఉన్నాయి, ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. విడుదలైన వాళ్ల పొదుపు కోసం పెట్టి, 1874లో మూతపడ్డ ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ రిజిస్టర్లలో ఖాతాదారు అమ్మానాన్నల, అన్నదమ్ముల పేర్లే కాక ఒక్కోసారి పాత యజమాని పేరు కూడా దొరుకుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చేవి అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యంలోని నల్లజాతి సైనికుల పెన్షన్ ఫైళ్లు. భార్యకు పెళ్లి కాగితం ఉండదు కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి, వీళ్ల పెళ్లి ఎక్కడ జరిగింది, పిల్లలు ఎవరెవరు అని వాంగ్మూలం ఇచ్చేవాళ్లు. ఒక్క ఫైల్లో ఊరంతా మాట్లాడుతుంది.

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే పని తేలిక. వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇచ్చిన డబ్బు సాయంతో నల్లజాతి పిల్లల కోసం రోజెన్‌వాల్డ్ బడులు దక్షిణాదిలో దాదాపు 5,000 కట్టారు, ఊరి జనం కూడా చందాలు, భూమి, పని ఇచ్చారు. ఫిస్క్ యూనివర్సిటీ దగ్గర ఫొటోలతో సహా జాబితా ఉంది, కౌంటీ పేరుతో చూడండి. బజారులోని దుకాణాల గురించి తెలియాలంటే పాత సిటీ డైరెక్టరీలు (ఊళ్లో వాళ్ల పేర్లు, చిరునామాలు, వృత్తులు రాసిన పుస్తకాలు) చూడాలి, చాలావాటిలో నల్లజాతి వాళ్ల పేరు పక్కన సి అక్షరమో (కలర్డ్ అని) నక్షత్రమో పెట్టేవాళ్లు. అవమానకరమైన గుర్తే, కానీ ఇప్పుడు మనకు దారి చూపిస్తుంది. వాటి పక్కన శాన్‌బార్న్ మ్యాపులు (అగ్నిప్రమాద బీమా కోసం ఒక్కో భవనాన్నీ గీసిన పాత మ్యాపులు) పెట్టుకుంటే ఏ మంగలి షాపు ఏ మూలన ఉందో తెలుస్తుంది. నార్త్ కరోలినాలోని డరహంలో ఉన్న హేటి లాంటి నల్లజాతి పేటలు హైవేల కింద పోయాయి కాబట్టి, కొన్ని వీధులు ఈ మ్యాపుల్లోనే మిగిలాయి. స్థానిక తెల్లవాళ్ల పత్రికను ఒక్కదాన్నే నమ్ముకుంటే నేరాల వార్తలే ఎక్కువ కనపడతాయి. నార్ఫోక్ జర్నల్ అండ్ గైడ్, అట్లాంటా డైలీ వరల్డ్, షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు తిరగేయండి, వాటిలో చిన్న ఊళ్లలో ఎవరింటికి ఎవరొచ్చారో కూడా వేసేవాళ్లు.

ఇక పెద్దవాళ్లతో మాట్లాడటం. ఆదివారం ఆరాధనకి వెళ్లి కూర్చోండి, పాస్టర్‌ని అడిగి పరిచయం చేయించుకోండి. మొదటి రోజే రికార్డర్ బయటికి తీయొద్దు. తొంభై ఏళ్ల ఆవిడని పేరు పెట్టి పిలవొద్దు, మిస్ అనో సిస్టర్ అనో అక్కడివాళ్లు ఎలా పిలిస్తే అలాగే పిలవండి. పాత బడి ఫొటో ఒకటి తీసుకెళ్లి ఇందులో ఎవరెవరున్నారని అడిగితే, ప్రశ్నల పట్టిక కన్నా బాగా పని చేస్తుంది. దాచుకున్న అంత్యక్రియల ప్రోగ్రాములు చూపించమనండి, జీవిత చరిత్ర, బంధువుల జాబితా, ఫొటో అన్నీ ఒకే కాగితంలో ఉంటాయి. తెల్లజాతి, నల్లజాతి బడుల విలీనం తర్వాత మూసేసిన నల్లజాతి హైస్కూళ్ల పూర్వ విద్యార్థుల సంఘాలను కూడా వదలొద్దు, పాత ఇయర్‌బుక్కులు తరచుగా వాళ్ల అటకల మీదే ఉంటాయి.

శ్మశానానికి చలికాలంలో వెళ్లండి, ఆకులు రాలి నేల కనిపిస్తుంది, పాముల బెడదా తక్కువ. స్థలం ఎవరిదైనా ముందు అనుమతి తీసుకోవాలి. చెక్కిన రాళ్లు లేకపోయినా యుక్కా మొక్కలు, నేలంతా పాకిన విన్కా తీగ, వరసగా పల్లాలు కనిపిస్తే అక్కడ సమాధులున్నాయని అనుమానించాలి. గవ్వలు, పగిలిన కప్పులు చెత్త అనుకుని ఏరేయొద్దు, అవి కావాలని పెట్టినవి. రాళ్లను బ్లీచ్‌తో గానీ ఇనప బ్రష్‌తో గానీ రుద్దొద్దు.

లించింగ్ (గుంపుగా వచ్చి మనిషిని చంపేయడం) లాంటి విషయం తగిలితే ఆ కుటుంబం వాళ్లు ఇంకా అక్కడే ఉండొచ్చు, వాళ్లని అడగకుండా ఆ సంగతి ఎక్కడా బయటపెట్టొద్దు. దొరికిన ప్రతి కాగితం కాపీ ఒకటి చర్చికి, ఒకటి కౌంటీ లైబ్రరీకి ఇవ్వండి, ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాసి మరీ ఇవ్వండి.