అనాటమీ (శరీర నిర్మాణం) బొమ్మను చూస్తే చాలదు, గీయండి

పుస్తకంలో బొమ్మను పదిసార్లు చూస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షలో మాత్రం పెన్ను కదలదు. అందుకే పుస్తకం మూసేసి తెల్లకాగితం మీద గీయండి. వంకరగా వచ్చినా పర్వాలేదు, నేను గీసిన గుండె ఎప్పుడూ వంకాయలాగే ఉండేది.

గుండెతోనే మొదలుపెట్టండి. నాలుగు గదులు (పైన రెండు ఏట్రియంలు, కింద రెండు వెంట్రికిల్స్), వాటి తలుపుల్లాంటి వాల్వ్‌లు గీసి, ఒక రక్తపు చుక్కను వేలితో నడిపించండి: రైట్ ఏట్రియం, ట్రైకస్పిడ్ వాల్వ్, రైట్ వెంట్రికిల్, పల్మనరీ వాల్వ్, పల్మనరీ ఆర్టరీ, ఊపిరితిత్తులు. అక్కడి నుంచి పల్మనరీ వెయిన్స్, లెఫ్ట్ ఏట్రియం, మైట్రల్ వాల్వ్, లెఫ్ట్ వెంట్రికిల్, అయోర్టిక్ వాల్వ్, అయోర్టా (ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ఆర్టరీ). ఎక్కడ ఆగిపోయారో ఆ భాగం మాత్రమే మళ్లీ చదవండి, చాప్టర్ మొత్తం అక్కర్లేదు.

మధ్యమధ్యలో 'ఎందుకు' అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. లెఫ్ట్ వెంట్రికిల్ గోడ ఎందుకంత మందం? ఒళ్లంతటికీ రక్తాన్ని తొయ్యాలి కాబట్టి. పల్మనరీ ఆర్టరీలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఎందుకుంది? గుండె నుంచి బయటికి తీసుకెళ్లేదే ఆర్టరీ, ఆక్సిజన్‌తో ఆ పేరుకు సంబంధం లేదు. ఇలా అడిగితే ఫిజియాలజీ (అవయవాలు పనిచేసే తీరు) కూడా పనిలో పనిగా అయిపోతుంది.

అన్నట్టు, బొమ్మలోని మనిషి మీకు ఎదురుగా నిలబడి ఉంటాడు. అతని కుడి మీకు ఎడమవైపు కనిపిస్తుంది. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే.