టాలరెన్స్ తెచ్చే మాలిక్యూల్ దొరికిందంటే ఆ పేపర్ ఎలా చదవాలి

ఇమ్యూన్ సిస్టమ్‌ని దారిలో పెట్టే కొత్త మాలిక్యూల్ దొరికింది అని వార్తలు ఈమధ్య తెగ వస్తున్నాయి, 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి ముగ్గురికీ ఇదే సబ్జెక్ట్ మీద నోబెల్ వచ్చాక ఇంకా ఎక్కువయ్యాయి. ఇమ్యునాలజీ కొత్తగా చదువుతున్న స్టూడెంట్స్ ఉంటారు, ఇంట్లో ఎవరికో టైప్ 1 డయాబెటిసో మల్టిపుల్ స్క్లెరోసిసో ఉండి ఆశగా ఇవన్నీ చదివేవాళ్ళూ ఉంటారు. మీ ఇద్దరి కోసమే ఇది రాస్తున్నా.

పేపర్ తెరిచేముందు ఒక ప్రశ్న పక్కన రాసి పెట్టుకోండి. ఈ మాలిక్యూల్ ఇమ్యూనిటీని అణచివేస్తోందా, లేక నిజంగా టాలరెన్స్ తెస్తోందా? రెండూ ఒకటి కాదు. స్టెరాయిడ్స్, సైక్లోస్పోరిన్ లాంటివి మంచీ చెడూ చూడకుండా అన్ని రియాక్షన్లనీ తగ్గిస్తాయి, మందు ఆపితే చాలామందికి జబ్బు మళ్ళీ లేస్తుంది, వాడినన్నాళ్ళూ ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. టాలరెన్స్ వస్తే ఇమ్యూన్ సిస్టమ్ ఏదో ఒక్క యాంటిజెన్ (అది గుర్తుపట్టి దాడి చేసే పదార్థం) జోలికే వెళ్ళకుండా ఊరుకుంటుంది, మిగతా వాటి మీద మామూలుగానే పోరాడుతుంది, మందు ఆపినా అలాగే నిలుస్తుంది. అంటే మీరు చూడాల్సినవి రెండు, ఒక్కదాని మీదే పనిచేసిందా, ఆపాక నిలిచిందా.

ఇది ఎలా ప్రూవ్ చేస్తారో అర్థం కావాలంటే 1953లో బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెదవార్ చేసిన ఎలుకల ప్రయోగం కన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఒక జాతి ఎలుక కడుపులో ఉన్న పిల్లలకి ఇంకో జాతి ఎలుక కణాలు ఎక్కించారు, అవి పుట్టి పెరిగాక ఆ రెండో జాతి చర్మం అతికిస్తే వాటిలో కొన్ని తిరస్కరించకుండా ఉంచుకున్నాయి. వాళ్ళు అక్కడితో ఆగలేదు. మూడో జాతి చర్మం అతికిస్తే మామూలుగానే తిరస్కరించాయి, అంటే ఇమ్యూనిటీ మొత్తం పడిపోలేదు. అతికిన చర్మమే మారిపోయిందేమో అన్న అనుమానం కూడా ఉంచలేదు, ఆ చర్మాన్ని ఎదిరించడం అప్పటికే నేర్చుకున్న వేరే ఎలుకల లింఫ్ నోడ్ కణాలు తెచ్చి ఎక్కిస్తే అన్నాళ్ళూ నిక్షేపంగా ఉన్న గ్రాఫ్ట్ (అతికించిన చర్మం) నాశనమైపోయింది. మెదవార్‌కి, బర్నెట్‌కి 1960లో నోబెల్ వచ్చింది ఈ టాలరెన్స్ మీదే. ఇప్పటి పేపర్‌లో కూడా ముందు ఆ మూడో జాతి కంట్రోల్ ఉందా అని వెతకండి. ట్రాన్స్‌ప్లాంట్ కాకపోతే సంబంధం లేని వేరే యాంటిజెన్, లేదా ఒక ఇన్ఫెక్షన్ ఇచ్చి చూశారా అని చూడండి. అలాంటిదేమీ లేకపోతే టైటిల్‌లో టాలరెన్స్ అని ఉన్నా మీరు మాత్రం అణచివేత కిందే లెక్కేసుకోండి.

తర్వాత మాలిక్యూల్ ఎక్కడ పనిచేస్తుందో చూడాలి. సీటీఎల్ఏ-4 లాంటివి టీ సెల్ (ఇమ్యూనిటీలో ముఖ్యమైన ఒక రకం తెల్ల రక్తకణం) ఉత్తేజపడటానికి దానికి అందాల్సిన రెండో సిగ్నల్‌ని ఆపేస్తాయి. ఐడీఓ అనే ఎంజైమ్ అయితే చుట్టూ ఉన్న ట్రిప్టోఫాన్‌ని కరిగించేసి టీ సెల్స్‌ని పెరగనివ్వదు. ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అయితే సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి సిగ్నల్ పంపుకునే ప్రోటీన్లు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, మాలిక్యూల్ పేరు చూసి ఇది మంచిది ఇది చెడ్డది అని ముద్ర వేసేస్తారు, అది అస్సలు కుదరదు. టీజీఎఫ్-బీటా, ఐఎల్-2 కలిసి ఉంటే కొత్త టీ సెల్స్ మిగతా సెల్స్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ సెల్స్‌గా మారతాయి, అంటే మనం టీరెగ్స్ అనేవి. అదే టీజీఎఫ్-బీటా పక్కన ఐఎల్-6 చేరితే అవే సెల్స్ టీహెచ్17 అయి వాపు పెంచుతాయి. ఐఎల్-2 సంగతి ఇంకా ఆశ్చర్యం, పెద్ద డోస్‌లో దాన్ని కేన్సర్ మీద ఇమ్యూనిటీని రెచ్చగొట్టడానికి వాడారు, చిన్న డోస్‌లో అయితే ముందు టీరెగ్స్‌నే పెంచుతుంది ఎందుకంటే దాన్ని గట్టిగా పట్టుకునే రిసెప్టర్‌లో భాగమైన సీడీ25 వాటి మీద ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. ఐఎల్-2 జీన్ అసలు లేని ఎలుకలకి ఆటోఇమ్యూనిటీ వస్తుంది! అందుకే డోస్ ఎంత, పక్కన ఏ సైటోకైన్లు ఉన్నాయి అన్నది మెథడ్స్‌లో వెతికి మరీ చదవండి.

టీరెగ్స్ మామూలు టీ సెల్స్‌ని ఎంత అణచివేస్తాయో డిష్‌లో చూసే పరీక్ష, సప్రెషన్ అస్సే, దాదాపు ప్రతి పేపర్‌లో ఉంటుంది. మామూలు టీ సెల్స్‌కి సీఎఫ్ఎస్ఈ లాంటి డై పట్టించి, ఉత్తేజపరిచి, టీరెగ్స్‌తో కలిపి కొన్ని రోజులు ఉంచుతారు, సెల్ విడిపోయిన ప్రతిసారీ డై సగమవుతుంది కాబట్టి ఎన్నిసార్లు విడిపోయాయో సెల్స్‌ని ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమెట్రీలో కనపడుతుంది. మీరు చూడాల్సింది, ఒక టీరెగ్‌కి ఒక మామూలు సెల్, అంటే 1:1 దగ్గర ఒక్కటే చూపించారా లేక 1:2, 1:4, 1:8 అలా టీరెగ్స్ తగ్గిస్తూ పోతే ఎఫెక్ట్ కూడా మెల్లగా తగ్గిందా. ఇంకోటి, సెల్స్ బతికే ఉన్నాయా? చచ్చిపోయిన సెల్ కూడా విడిపోదు, లైవ్-డెడ్ స్టెయిన్ లేని గ్రాఫ్‌ని నమ్మొద్దు.

మనిషి కణాలతో చేస్తే ఫాక్స్‌పీ3 కనపడింది కాబట్టి టీరెగ్ వచ్చేసింది అంటే ఒప్పుకోకండి. ఫాక్స్‌పీ3 టీరెగ్స్‌కి మాస్టర్ జీన్ అన్నది నిజమే, అది చెడితే పిల్లలకి ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది, కానీ మనిషిలో మామూలు టీ సెల్ ఉత్తేజపడినా కొంతసేపు ఫాక్స్‌పీ3 చూపిస్తుంది. అందుకని సెల్ మీద సీడీ127 అనే ప్రోటీన్ తక్కువగా ఉందా, ఆ జీన్‌లో టీఎస్‌డీఆర్ అనే భాగంలో మిథైల్ గుర్తులు పోయాయా అన్నవి కూడా చూపించాలి. అవి ఉంటే స్థిరమైన టీరెగ్ అని నమ్మొచ్చు.

ఎలుకల భాగానికి వస్తే ఒకే ఒక్క విషయం, మాలిక్యూల్ జబ్బు రాకముందు ఇచ్చారా వచ్చాక ఇచ్చారా. ముందు ఇచ్చి ఆపడం చాలా తేలిక, డాక్టర్ దగ్గరికి వచ్చే పేషెంట్‌కి మాత్రం జబ్బు అప్పటికే ఉంటుంది.

మనుషుల దగ్గర ఇంకా జాగ్రత్తగా చదవాలి. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని మొదటిసారి 6 మంది ఆరోగ్యవంతులకి ఇచ్చారు, జంతువుల్లో టీరెగ్స్‌ని పెంచింది, కోతుల్లో సేఫ్‌గానే ఉంది, మనుషుల్లో మాత్రం కొన్ని గంటల్లోనే సైటోకైన్ స్టార్మ్ (ఒక్కసారిగా విపరీతంగా సైటోకైన్లు విడుదలవడం) వచ్చి ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. ఆ యాంటీబాడీ పట్టుకునే సీడీ28 అనే ప్రోటీన్ ఆ కోతుల ఎఫెక్టర్ మెమరీ సెల్స్ (పాత శత్రువుని గుర్తుపెట్టుకుని వెంటనే స్పందించే టీ సెల్స్) మీద లేదని, మన సెల్స్ మీద ఉందని తర్వాత తేలింది. కాబట్టి టార్గెట్ ఏ సెల్ మీద ఉంది, మనిషిలోనూ అదే సెల్ మీద ఉందా అన్నది పేపర్‌లో ఎక్కడ చెప్పారో వెతకండి.

మంచి ఉదాహరణ కూడా ఉంది. టెప్లిజుమాబ్ అనే యాంటీబాడీ మందుని టైప్ 1 డయాబెటిస్ ఇంకా బయటపడని, బాగా రిస్క్ ఉన్నవాళ్ళకి 14 రోజులు మాత్రమే ఇచ్చారు. 2019లో వచ్చిన ఆ ట్రయల్‌లో డయాగ్నోసిస్ వరకు పట్టిన మీడియన్ టైమ్ మందు తీసుకున్నవాళ్ళలో 48.4 నెలలు, ప్లసీబో గ్రూప్‌లో 24.4 నెలలు, 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన రెండు పరీక్షలూ పెట్టి చూస్తే ఆపాక నిలిచింది, ఒక్క యాంటిజెన్‌కే పరిమితమా అంటే కాదు, అది టీ సెల్స్ అన్నిటి మీదా ఉండే సీడీ3ని పట్టుకుంటుంది. అయినా ఒక పిల్లాడికి ఇన్సులిన్ లేకుండా గడిచే రెండేళ్ళు చిన్న విషయం కాదు, నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

పేషెంట్స్‌కి ఒక మాట గట్టిగా చెప్పాలి. లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళలో కొందరికి మందులు పూర్తిగా ఆపినా గ్రాఫ్ట్ నిలిచింది అని చదివి మీ అంతట మీరు డోస్ తగ్గించొద్దు, వాళ్ళందరినీ రక్తపరీక్షలు చేస్తూ, అవసరమైతే బయాప్సీలు తీస్తూ, డాక్టర్ల కళ్ళముందే మెల్లగా తగ్గించారు. అలాంటి ట్రయల్ మీకు సరిపోతుందేమో అని మీ డాక్టర్‌ని అడగండి, పేపర్ ప్రింట్ తీసుకెళ్ళి ముందు ఫాలో-అప్ ఎంతకాలం చేశారో ఉన్న పేజీ చూపించండి.